బతికుంటే బలుసాకేనా?

"బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అన్నారు పెద్దలు. కరువులు చూసినవాళ్ళ మాట అది. జొన్నలు కూడా దొరకని రోజుల్లో గట్లమీద, గుట్టలమీద దొరికిన ఆకు ఉడకేసుకుని ప్రాణం నిలుపుకున్నవాళ్ళకు ఆ మాట అనే హక్కు ఉంది. ఇప్పుడు మనం ఆ సామెతను మన గురించి అనుకోవటం తక్కువ, ఎదుటివాడికి చెప్పటం ఎక్కువ. పెద్ద గండం గడిచి బయటపడినవాడు, తాను పోగొట్టుకున్నదాని గురించి నోరు విప్పబోతే, "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంటాం. అతను నోరు మూసుకుంటాడు. మనం మంచి మాటే చెప్పామనుకుని వచ్చేస్తాం.

ఇందులో ఒక ధర్మసందేహం ఉంది. చావు తప్పించుకున్న మనిషి, చావుకన్న చిన్నదైన నష్టం గురించి అడగటం దురాశ అవుతుందా? ఆ నష్టం రాబోతున్నదని అతనికి ముందే చెప్పవలసిన బాధ్యత ఎవరిమీదైనా ఉందా? నేను కామర్సు చదివి బాంకులో చేరినవాణ్ణి. వైద్యమూ తత్త్వమూ నా విద్యలు కావు. కాని ముప్పై ఏళ్ళుగా కౌంటరు వెనక కూర్చుని మనుషుల కష్టసుఖాలు వింటున్నాను గనక ఈ ప్రశ్న నన్ను వదలటం లేదు. నేను చెప్పబోయేది కేన్సరు వైద్యం తర్వాత మగవాళ్ళు కోల్పోయే దాంపత్య సుఖం గురించి, దాన్ని తిరిగి పొందటానికి వాళ్ళకు చేయదగిన సాయం గురించి. సాహిత్య పత్రికలో ఈ సంగతి ఏమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవాలని మనవి. ఇది భాషకు సంబంధించిన సంగతి కూడానని చివర చెబుతాను.

ముందు జరిగేదేమిటో చూద్దాం. ప్రోస్టేటు గ్రంథి, మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, వృషణాలు, పురుషాంగం - వీటిలో ఎక్కడ కేన్సరు వచ్చినా, వైద్యం ఆ మనిషి దాంపత్య జీవితాన్ని తాకే అవకాశం ఉంది. ఆపరేషనులో నరాలు దెబ్బతినవచ్చు. రేడియేషను ఇస్తే ఆ నష్టం వెంటనే తెలియదు, రెండు మూడేళ్ళలో మెల్లగా బయటపడుతుంది. ప్రోస్టేటు కేన్సరు ముదిరినప్పుడు మగ హార్మోనును ఆపేస్తారు. దానితో అసలు కోరికే సన్నగిల్లుతుంది, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి. మన దేశంలో మగవాళ్ళలో ఎక్కువగా కనిపించే నోటి కేన్సరును కూడా ఇందులో చేర్చుకోవాలి. జర్దా, గుట్కా అలవాటున్నవాడికి దవడ ఎముక తీసేశారనుకోండి, అతని నరాలన్నీ బాగానే ఉంటాయి. కాని భార్యవైపు ముఖం తిప్పటానికి మొహమాటపడతాడు.

మా బీదరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిది. రాష్ట్రం మారినా రోగం వస్తే మా దారి మారలేదు. బెంగుళూరు దాదాపు 700 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 140. కిద్వాయి ఆస్పత్రి బెంగుళూరులో 1973 నుంచి ఉన్నా, మావాళ్ళు ఎక్కువమంది జహీరాబాదు మీదుగా హైదరాబాదుకే పోతారు. అక్కడ 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. ఆస్పత్రికో, 2000లో వచ్చిన బసవతారకం ఆస్పత్రికో, డబ్బున్నవాళ్ళయితే కార్పొరేటు ఆస్పత్రులకో పోతారు. కొడుకు వెంట ఉంటాడు. కాగితాల మీద చాలాసార్లు సంతకం కూడా అతనే పెడతాడు.

మా శాఖలో పెన్షను తీసుకునే ఒకాయన సంగతి చెబుతాను. పేరు, ఊరు, ఆస్పత్రి చెప్పను. ఆయనకు ప్రోస్టేటు కేన్సరు ఎముకలకు పాకింది. మూడు నెలలకొకసారి ఖరీదైన ఇంజక్షను జీవితాంతం వేయించుకోవాలి, లేదా ఒకేసారి చిన్న ఆపరేషనుతో వృషణాలు తీసేయాలి. రెండింటి ఫలితం ఒకటే. మగ హార్మోను తగ్గిస్తే ఈ కేన్సరు వెనక్కు తగ్గుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, అందుకు 1966లో నోబెల్ బహుమతి పొందాడు. పేదవాడికి ఇప్పటికీ ఆ ఆపరేషనే దిక్కు. ఈయన కొడుకు లెక్క చూసుకుని ఆపరేషనుకే ఒప్పుకున్నాడు. తండ్రికి "చిన్న ఆపరేషన్" అని మాత్రమే తెలుసు.

పెన్షనుదార్లు ఏటా నవంబరులో తాము బతికి ఉన్నట్టు బాంకులో రుజువు ఇవ్వాలి. అలా వచ్చిన ఒక రోజు, రద్దీ తగ్గాక, ఆయన నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆపరేషను తర్వాత తనలో ఏదో ఆరిపోయిందని, ఎందుకో తెలియక తన మంచం తానే వరండాలోకి మార్చుకున్నాడని. తనమీద కోపమొచ్చిందేమోనని రెండేళ్ళు ఆయన భార్య కుమిలిపోయింది. మళ్ళీ చూపించుకోవటానికి పోయినప్పుడు డాక్టరుతో "కమ్జోరీ" అన్నాడట, టానిక్కు రాసిచ్చారట. "పానం దక్కింది గదా సార్, ఇంకేం గావాలె అంటరు అందరు. నిజమే. తెల్సినా నేను గదే ఆపరేషన్ చేయించుకుంటుంటి. కాని మా ఇంటిదానికి ముందే చెప్పుకుంటుంటి గదా" అన్నాడు.

ఆయన చివరి మాటలోనే నాకు ఈ ప్రశ్నకు సగం జవాబు దొరికింది. చెప్పి ఉంటే నిర్ణయం మారేది కాదు. డబ్బూ మిగిలేది కాదు. అయినా చెప్పకపోవటంవల్ల ఆయనకు అన్యాయం జరిగింది. తన ఒంటికి జరిగేదేమిటో తెలుసుకుని, దాన్ని తనదిగా చేసుకుని, ఇంటావిడతో పంచుకునే అవకాశం పోయింది. ఆమె ఆ రెండేళ్ళు అనుభవించిన దుఃఖం కేన్సరు పెట్టింది కాదు, మన మౌనం పెట్టింది.

ఇక దురాశ అన్న మాట. కాలు పోయినవాడికి కృత్రిమ కాలు కావాలంటే ఎవరూ దురాశ అనరు. రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేఠీ అనే డాక్టరు కలిసి తయారుచేసిన జైపూరు పాదాన్ని చూసి దేశమంతా గర్వపడింది. సేఠీకి 1981లో మెగసెసే బహుమతి వచ్చింది. "బతికున్నావుగా, కాలెందుకు?" అని ఆ వికలాంగుణ్ణి ఎవరడిగారు? దవడ పోయినవాడికి కాలి ఎముక తెచ్చి దవడ కడుతున్నారు, అదీ దురాశ కాదు. మరి ఈ ఒక్క అంగం దగ్గరికి వచ్చేసరికి మన తూకం ఎందుకు మారుతున్నది? శరీరంలో ఏది అవసరమో ఏది విలాసమో నిర్ణయించేది రోగి కష్టమా, మన సిగ్గా?

"అరవై దాటినవాడికి ఇంకా ఏమిటది?" అనేవాళ్ళున్నారు. అరవై నిండగానే మనం చేసేది షష్టిపూర్తి. కొడుకులు, కోడళ్ళు, మనవలు చుట్టూ నిలబడి ఆ దంపతులకు మళ్ళీ పెళ్ళి చేస్తాం, మళ్ళీ మంగళసూత్రం కట్టిస్తాం. పొద్దున దండలు మార్పించి, సాయంత్రానికి వాళ్ళకు దాంపత్యంతో పని లేదని ఎలా తీర్పు చెబుతాం? దాంపత్యమంటే ఒక్క శరీర సంబంధమే కాదన్న మాట నిజమే. అయితే అందులో శరీరం లేదని ఎవరూ చెప్పలేదు. ధర్మార్థ కామ మోక్షాలని నాలుగు పురుషార్థాలు చెప్పినవాళ్ళు కామాన్ని లెక్కలోంచి కొట్టేయలేదు.

ఈ మాట వచ్చినప్పుడల్లా యయాతి కథ చెబుతారు. ముసలితనం వచ్చిన యయాతి కొడుకు పూరుణ్ణి యౌవనం అడిగి తీసుకున్నాడు, ఎంత అనుభవించినా తృప్తి లేదని చివరికి తెలుసుకున్నాడు. గొప్ప కథే. కాని యయాతి చేసిన తప్పు ఇతరుల సొత్తు తీసుకోవటం. మనం మాట్లాడుకునే మనిషి ఎవరి యౌవనమూ అడగటం లేదు, వైద్యంలో పోయిన తన సొత్తులో ఎంత తిరిగి వస్తుందని అడుగుతున్నాడు.

ఇతనికి సరిపోయే కథ కూడా అదే ఆదిపర్వంలో ఉంది. పాండురాజు కథ. భార్యను తాకితే చస్తావని ముని శాపం పెట్టాడు. అప్పుడు పాండురాజు ఏం చేశాడు? తన దుఃఖాన్ని దాచుకోలేదు. కుంతికీ మాద్రికీ చెప్పాడు. ఇద్దరూ అతనివెంట అడవిలో ఉన్నారు. సంతానం ఎలాగని భార్యాభర్తలు కూర్చుని చర్చించారు. కుంతి తన దగ్గరున్న మంత్రం సంగతి బయటపెట్టింది. చివరికి శాపం తగిలిందనుకోండి. అయినా ఆ ఇంట్లో భార్యలు చీకట్లో లేరు. మనం పవిత్రమని చదువుకునే గ్రంథంలో ఇంత బాహాటంగా జరిగిన సంభాషణ మన ఆస్పత్రి గదుల్లో ఎందుకు జరగకూడదు?

దీనికి వైద్యులవైపు నుంచి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. బయట వందమంది నిలబడి ఉంటారు, ప్రాణం కాపాడటానికే టైము చాలదు. పైగా ముందే చెబితే భయపడి రోగి అసలు వైద్యమే మానేస్తాడేమో. ఈ రెండో మాటను నేను చాలాసార్లు ఆలోచించాను. అలా మానేసేవాడు ఒకడుండొచ్చు. అందుకోసం అందరినీ చీకట్లో ఉంచటం న్యాయమా? వడ్డీ ఎంతో చెబితే రైతు అప్పు తీసుకోడేమోనని బాంకు వడ్డీ దాచవచ్చునా? మా దగ్గర చదువురానివాడు వేలిముద్ర వేస్తే, కాగితంలో ఉన్నది అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి వివరించామని రాసి మేము సంతకం చేయాలి. గేదెల అప్పుకే అంత పద్ధతి ఉన్నప్పుడు శరీరానికి లేకపోతే ఎలా?

చట్టం కూడా ఈ మాటే చెప్పింది. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన నలభై నాలుగేళ్ళ స్త్రీకి, బయట ఉన్న తల్లి ఒప్పుకున్నదని గర్భాశయం, అండాశయాలు తీసేశారు. తెలివిలో ఉంటే తానే నిర్ణయించుకోగల మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని కోర్టు అన్నది. చేయబోయే వైద్యం ఏమిటి, దానివల్ల కలిగే ఫలితాలేమిటి, వేరే మార్గాలున్నాయా, వద్దంటే ఏమవుతుంది - ఇవి రోగికి తగినంత చెప్పాలన్నది. తల్లి సంతకం కూతురికి చెల్లకపోతే, కొడుకు సంతకం తండ్రికి ఎలా చెల్లుతుంది? తండ్రితో కొడుకు ఈ విషయం మాట్లాడలేడు కూడా. అందుకే డాక్టరే రోగితో నేరుగా మాట్లాడాలి. ఎక్కువ టైము కూడా అక్కరలేదు. "ఈ వైద్యంవల్ల సంసార జీవితంలో మార్పు రావచ్చు, వివరాలు తెలుసుకుంటారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. వద్దన్నవాణ్ణి వదిలేయవచ్చు.

చెప్పి మాత్రం ఏం లాభం, చేయగలిగింది లేనప్పుడు అనుకుంటారేమో. చేయగలిగింది ఉంది. ప్రోస్టేటు ఆపరేషను తర్వాత మగతనం పోవటం తప్పదనే 1980 వరకూ అనుకునేవారు. 1981లో అమెరికా సర్జను పాట్రిక్ వాల్ష్, హాలండులో రిటైరైన డాక్టరు పీటర్ డోంకరుతో కలిసి, ఆ నరాలు సరిగ్గా ఎక్కడ ఉంటాయో వెతికి పట్టుకున్నాడు. 1982 ఏప్రిల్ 26న వాటిని కాపాడుతూ మొదటి ఆపరేషను చేశాడు. కేన్సరు నరాలదాకా పాకనివాళ్ళకు ఆ పద్ధతి ఇప్పుడు మన దగ్గరా ఉంది. అయితే నలిగిన నరాలు కోలుకోవటానికి ఏడాది, రెండేళ్ళు కూడా పట్టవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఆరు నెలలకే ఇక లేదనుకుని మంచం మార్చుకునేవాళ్ళు ఉంటారు. అంగస్తంభన తగ్గినా స్పర్శా సుఖమూ చాలామందికి పూర్తిగా పోవని కూడా తెలియదు.

1998లో సిల్డెనాఫిల్ మాత్ర వచ్చింది. మొదట గుండెనొప్పి కోసం పరీక్షించిన మందు అది. కోరికను అది పుట్టించదు, నరాలు కొంతైనా పనిచేస్తేనే సాయపడుతుంది. నాలుక కింద సార్బిట్రేటు పెట్టుకునే గుండెజబ్బువాళ్ళు దాన్ని మింగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మందుల షాపులో గుసగుసగా అడిగి కొనకూడదు. మాత్ర పనిచేయనివాళ్ళకు గాలి తీసే పంపు ఉంది. దాన్ని తయారుచేసినవాడు డాక్టరు కాదు, అమెరికాలో పాత టైర్లకు కొత్త రబ్బరు వేసే వ్యాపారి గెడింగ్స్ ఆస్బన్. తన అవసరానికి తానే చేసుకున్నాడు, 1982లో దానికి అనుమతి వచ్చింది. ఇంజక్షన్లున్నాయి. ఏదీ కుదరకపోతే లోపల అమర్చే ఇంప్లాంటు ఉంది. విదేశీ ఇంప్లాంటు ధర సామాన్యుడికి అందదని ముంబయి డాక్టరు రూపిన్ షా మన దేశంలోనే తక్కువ ధరలో తయారయ్యేది రూపొందించాడు. హార్మోను ఆగినవాడికి వీటిలో కొన్ని అంతగా పనిచేయకపోవచ్చు. అతనికి కావలసింది కారణం తెలియటం, భార్యతో కలిసి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి.

కుర్రవాళ్ళ సంగతి మరింత తొందరది. వృషణాల కేన్సరు పడుచువాళ్ళకే ఎక్కువ, నయం కావటమూ ఎక్కువే. కాని మందులు, రేడియేషను సంతాన శక్తిని తీసేయవచ్చు. వైద్యం మొదలుపెట్టే ముందు వీర్యం భద్రపరిస్తే తర్వాత బిడ్డల్ని కనవచ్చు. ఒక్కరోజు పని. పెళ్ళికాని కుర్రవాడి ముందు, తల్లిదండ్రుల ఎదుట ఈ మాట ఎత్తటానికి అందరూ మొహమాటపడితే ఆ రోజు దాటిపోతుంది, మళ్ళీ రాదు. ఇక్కడ మౌనం ఖరీదు ఒక తరం.

డాక్టరు వదిలేసిన ఖాళీ ఖాళీగా ఉండదు. ఏ ఊరి బస్టాండుకైనా పోయి గోడలు చూడండి. గుప్తరోగాలు, నరాల బలహీనత, ఫలానా లాడ్జి, ఫలానా రూము, ఫలానా తేదీలు. ఇలాంటి ప్రకటనలను 1954లోనే చట్టం చేసి నిషేధించారు. ఆ చట్టం జాబితాలో కేన్సరూ ఉంది, నపుంసకత్వమూ ఉంది. గోడమీద రాతలు మాత్రం పోలేదు. మనం మర్యాద కోసం మాట్లాడని విషయాన్ని వాళ్ళు డబ్బు కోసం మాట్లాడుతున్నారు. రోగికి మాత్రం వాళ్ళే తన బాధ విన్నవాళ్ళుగా కనిపిస్తారు.

భార్య మాట చెప్పకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. భర్తకు వైద్యం చేయించటమంటే ఆమె మీద ఒక విధి మోపటం కాకూడదు. ఏళ్ళ తరబడి సేవచేసి అలసిన ఆమెకు ఇక చాలని ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆమెనూ అడగాలి. కేన్సరు అంటుకుంటుందని భయపడి దూరం జరిగే భార్యకు, ఇది అంటువ్యాధి కాదని ఎవరైనా చెప్పాలి. కీమోథెరపీ జరిగే రోజుల్లో మాత్రం జాగ్రత్త ఎలాగో డాక్టరునే అడగాలి. ఇంకొక మాట. మగవాడి విషయంలో కనీసం ఒక మాత్ర ఉంది, ఒక పంపు ఉంది. గర్భసంచి కేన్సరుకు రేడియేషను తీసుకున్న స్త్రీని, ఆ తర్వాత నీకెలా ఉందమ్మా అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. మగవాళ్ళ మౌనాన్ని బద్దలు కొడితే ఆ తలుపు ఆడవాళ్ళకూ తెరుచుకోవాలి, లేకపోతే అది సగం న్యాయమే.

భాష సంగతి చెబుతానన్నాను. ఈ విషయానికి మనకున్న మాటలు రెండు రకాలు. ఒకటి బూతు, రెండోది వైద్యగ్రంథాల సంస్కృతం. నడుమ, ఇద్దరు మర్యాదస్తులు మామూలుగా అనుకోగల మాట లేదు. పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు ఈ ఇబ్బంది రెట్టింపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఆస్పత్రి కాగితం ఇంగ్లీషు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ తన బాధకు మాట దొరకక మనిషి "కమ్జోరీ" అంటాడు, డాక్టరు టానిక్కు రాస్తాడు. అబద్ధం ఇద్దరూ ఆడలేదు. మాట లేకపోవటంవల్ల ఒకరికొకరు అందలేదు. మాటలు తయారుచేయటం, ఉన్నవాటి మురికి కడగటం డాక్టర్ల పని కాదు, రాసేవాళ్ళ పని. అందుకే ఈ సంగతి సాహిత్య పత్రికకు తెచ్చాను.

కోరికలు వదులుకోవటం గొప్ప అని మన సంప్రదాయం చెబుతుంది, కాదనను. ఏ దంపతులైనా అన్నీ తెలుసుకుని, ఇక మనకిది వద్దు, ఒకరి పక్కన ఒకరం కూర్చుంటే చాలు అనుకుంటే అది వాళ్ళ త్యాగం, దానికి నమస్కరిస్తాను. వదులుకోవాలంటే ముందు చేతిలో ఉన్నదేమిటో, పోయేదేమిటో తెలియాలి. తెలియకుండా పోయినదాన్ని త్యాగం అని మనం పేరు పెట్టటం మన సౌకర్యం కోసమే.

ఈసారి మీరు ఎవరికైనా తోడుగా కేన్సరు ఆస్పత్రికి పోతే, గదిలో రోగినీ డాక్టరునూ పది నిమిషాలు ఒంటరిగా వదలండి. రోగి అన్నగారో, బాబాయో, మామయ్యో అయితే, "డాక్టరుతో ఆ విషయం కూడా అడుగు, సిగ్గుపడకు" అని ముందుగా ఒక మాట చెప్పి పంపండి. ఆయన అడగకపోవచ్చు. అడగవచ్చునని మాత్రం ఆయనకు తెలుస్తుంది.